డోలీ మోసినాయన మీద చారిత్రక నాటకం రాయొచ్చా?

పుత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, తరిగొండ వెంగమాంబ మీద నాటకం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. అందరూ చెప్పిందే మళ్లీ చెప్తున్నట్టుంది. మా ముత్తాత తిరుమల కొండకు డోలీ మోసేవాడంట, దానికంటే ఆయన మీద రాస్తే బాగుంటుందేమో అనిపిస్తోంది. కానీ ఆయన గురించి ఏ పుస్తకంలోనూ ఒక్క ముక్క లేదు. చరిత్రలో పేరే లేని మనిషి మీద చారిత్రక నాటకం ఎట్లా రాసేది? రాసినా మన జిల్లాలో చూసేవాళ్లెవరు?"

రాయి తమ్ముడూ. రెండూ రాయి, డోలీ నాటకం ముందు రాయి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు వెంగమాంబ సంగతి. అందరికీ తెలిసిన కథే కదా అంటే నేను ఒప్పుకోను. ఈ భక్త కవయిత్రి 1730లో పుట్టి 1817 దాకా బతికింది. తిరుమలలో నిత్యాన్నదాన సత్రానికి ఆమె పేరే పెట్టారు, రోజూ వేలమంది అక్కడ భోంచేసి వస్తారు, రాత్రి ఏకాంతసేవలో ఇప్పటికీ ఆమె పేరున ముత్యాల హారతి జరుగుతుంది. ఇంత ఉన్నా ఆమె ఏం రాసిందని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ద్విపదలో భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు, యోగం మీద రాజయోగామృతసారం, ఇవన్నీ చిన్నప్పుడే భర్త పోయిన ఒక ఆడమనిషి ఆ రోజుల్లో కూర్చుని రాసినవి. మనం మాత్రం ఆమెను మహిమల్లోకి కుదించేశాం. పీఠాధిపతికి నమస్కరించమంటే ఆసనం దిగమనడం, ఆయన దిగగానే ఆ ఆసనం అంటుకోవడం, ఈ కథ లేకుండా ఎవరూ రాయరు. నువ్వు ఆగింది కూడా అక్కడే అయ్యుంటుందని నా అనుమానం. స్టేజీ మీద మహిమ జరిగిపోయాక మనుషులు చేయడానికి ఏమీ మిగలదు. దేవుడు ఎవరి వైపో తేలిపోయాక ప్రేక్షకుడికి టెన్షన్ ఎక్కడుంటుంది?

భర్త పోయాక ఆచారం ప్రకారం జుట్టు తీయించుకోనని వెంగమాంబ మొండికేసిన రోజు తీసుకో. తండ్రి కృష్ణయ్య చెడ్డవాడేం కాదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఆమెకు చదువు చెప్పించాడని చెప్తారు. కూతుర్ని చదివించిన తండ్రి, అదే కూతురి జుట్టు తీయించకపోతే ఊళ్లో తలెత్తుకోలేని తండ్రి, ఇద్దరూ ఒకే మనిషి. ఇంకొకాయన కూడా ఉంటాడు, ఎవరి కథలోనూ ఆయనకు పేరు లేదు. ఆ పని చేయమని పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టిన నాయీ బ్రాహ్మణుడు. పని చేయకుండా లేచిపోతే పెద్దలకు కోపం, చేద్దామంటే లోపల ఆ పిల్ల తలుపు తీయదు. బహుశా ఆయనకూ ఆ వయసు కూతురు ఉండొచ్చు. ఆయన ఆ అరుగు మీద కూర్చున్న గంటసేపు రాయి. లోపలి మాటలు తలుపు సందులోంచి వినపడాలి, వెంగమాంబ మనకు చాలాసేపు కనపడకపోయినా ఫరవాలేదు. ఆమె మీద ఇప్పటిదాకా ఉన్న నాటకాల పక్కన నీది వేరేగా నిలబడుతుంది.

ఇన్నేళ్లుగా నాటకాలు రాస్తూ, రాయిస్తూ నాకు గట్టిగా నమ్మకం కుదిరిన సంగతి ఇదొక్కటే: మరుగున పడిన మనిషి మీద నాటకం రాసేటప్పుడు ఆ మనిషి జీవితం మొత్తం రాయకూడదు. ఒక రోజు, ఒక ఇబ్బంది రాయాలి. పుట్టడం, పెళ్లి, కష్టాలు, గొప్పతనం, మరణం వరసగా పెడితే అది సన్మాన పత్రం అవుతుంది. పాపం ఈయన్ని ఎవరూ గుర్తించలేదే అనే బాధ మనకు ఉంటుంది. ఉండాలి కూడా, అది లేకపోతే రాయబుద్ధే కాదు. కానీ ఆ బాధ పాత్రకు ఉండదు కదా. డోలీ మోసే మనిషి చరిత్ర నన్ను మర్చిపోతుందేమో అని ఏడవడు. ఈ వారం కూలి ఎంత, భుజం నొప్పి ఎప్పుడు తగ్గుతుంది, జొత్తుగాడు (తనతో కలిసి మోసేవాడు) తాగొచ్చి అడుగు తప్పుతాడేమో, ఇవీ ఆయన ఆలోచనలు. వాటి మీద నిలబెడితే నాటకం నిలబడుతుంది.

మీ ముత్తాత కథలో ఆ రోజు ఎక్కడుందో నేను చెప్తాను. 1944.

అంతకు ముందు తిరుమలకు మోటారు రోడ్డు లేదు. అలిపిరి నుంచి మూడున్నర వేల పైచిలుకు మెట్లు, లేకపోతే చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు. నడవలేని ముసలివాళ్లు, రోగులు, డబ్బున్నవాళ్లు డోలీ ఎక్కేవాళ్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ వచ్చి ప్రారంభించాడు. అప్పటికి మఠాధిపతులైన మహంతుల పెత్తనం పోయి (1843 నుంచి 1933 దాకా గుడి హథీరాంజీ మఠం చేతిలో ఉండేది) గుడి పదేళ్లుగా దేవస్థానం కమిటీ చేతిలో నడుస్తోంది. బయట రెండో ప్రపంచ యుద్ధం. బర్మా జపాను చేతికి పోయాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది, తిండి గింజలకు కటకట. అట్లాంటి ఏడాదిలో కొండకు రోడ్డు పడింది.

ఇందులో విలన్ ఎవరో చెప్పు చూద్దాం. ఎవరూ లేరు. రోడ్డు మంచిదే. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ చచ్చేలోపు స్వామిని చూసొచ్చేది ఆ రోడ్డు వల్లే. అదే రోడ్డు వల్ల నలుగురు మనుషుల భుజాలకు పని తగ్గిపోతుంది. రెండు వైపులా న్యాయం ఉన్నచోట నాటకం సగం దానంతటదే రాసుకుంటుంది. నువ్వు చేయాల్సిందల్లా ఆ రెండు న్యాయాలను ఒకే ఇంట్లోకి తేవడం. రోడ్డు ప్రారంభానికి ముందు రోజు రాత్రి, పొయ్యి దగ్గర, ఇట్లా అనుకో:

భార్య: సంగటి చల్లారిపోతా ఉంది. తిను.
భర్త: రేపు గవర్నరు దొర వస్తాడంట. కార్లోనే పైకి పోతాడంట.
భార్య: పోనీ. ఆ దొరను నువ్వేమన్నా మోసేది ఉండిందా?
భర్త: ఆయన్ను కాదు మే. ఆయన యెనకాల వచ్చేటోళ్లను.
భార్య: మాయమ్మను ఒక్కసారి కొండకు తీసకపోతానంటివి. పెండ్లయిన కాడ్నించి అంటానే ఉండావు.
భర్త: ...
భార్య: ఇంగ నువ్వు మోయబళ్లేదులే. బండెక్కి పోతుంది.

ఆమె ఎత్తిపొడవడం లేదు, నిజంగా సంతోషపడుతోంది. ఆయనకు మాట రాదు. ఊరూరి షావుకార్లను మోసినవాడు అత్తను మోయలేకపోయాడు, ఎందుకంటే ఆ పూట డోలీ ఆమెకిస్తే కూలి పోతుంది, మిగతా ముగ్గురికి కూలి ఎవరిస్తారు? ఇదంతా డైలాగులో చెప్పించొద్దు. ఆయన సంగటి ముద్ద పక్కకు నెట్టితే చాలు. ఇందాక జొత్తుగాడు అన్నాను చూడు, వాడు ఈ రాత్రే వచ్చి రేపటి నుంచి రోడ్డు పనికి, కంకర కొట్టడానికి పోతున్నానంటే రెండో సీను మొదలైపోతుంది.

ఇక పుస్తకంలో ఏమీ లేదన్న బెంగ. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, మనం అనుకున్నంత ఏమీ లేకపోవడం అనేది ఉండదు, వెతికే చోటు వేరు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చాలా భాగం ఉత్తర ఆర్కాటు కింద ఉండేది, జిల్లా కేంద్రం చిత్తూరే అయినా పేరు అది. అందుకని పాత సంగతులు చిత్తూరు అని వెతికితే దొరకవు, ఉత్తర ఆర్కాటు మాన్యువల్లో (ఇంగ్లీషువాళ్ల కాలం నాటి జిల్లా వివరాల పుస్తకం), చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో ఊళ్ల కథలున్నాయి. వాటిని ఊరూరా తిరిగి రాబట్టిన కావలి సోదరులు మన తెలుగువాళ్లే. వాళ్ల మీద కూడా ఎవరైనా నాటకం రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్నాయి. ఇంకా తిరుమల శాసనాలు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటి పండితులు గోడల మీద అక్షరాలు చదివితే, దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చు వేసింది.

ఆ శాసన సంపుటాలు భక్తి పుస్తకాలనుకుని చాలామంది పక్కన పెడతారు. నాటకం రాసేవాళ్లకు అవి బంగారం. విజయనగర కాలంలో దాత గుడికి డబ్బు ఇస్తే ఆ డబ్బుతో దేవస్థానం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవాళ్లు, పెరిగిన పంటతో ఆ దాత పేరున నైవేద్యం, నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. రాజులు, మంత్రులే కాదు, గుడిలో ఆడిపాడే సానులు కూడా ఇట్లా దానాలు చేసి గోడకెక్కారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. పెళ్లి లేని, కుటుంబం అని చెప్పుకోవడానికి లేని ఒక మనిషి తను కూడబెట్టిందంతా ఇచ్చేసింది, రోజూ ఇంటికి ఆ నాలుగో వంతు ప్రసాదం వస్తుంది. ఆమె దాన్ని ఎవరికి పెడుతుంది? ఒకరోజు రాకపోతే ఎవర్ని పోయి అడుగుతుంది? సూర్యచంద్రులున్నంత కాలం జరగాలని రాతి మీద చెక్కించింది కదా, ఆమె పోయాక ఆ వాటా ఎవరిది? ఆ చెరువు తవ్వించినవాళ్ల పేరు గోడ మీద ఉంది, మట్టి తట్ట మోసినవాళ్ల పేరు లేదు. ఏకాంతసేవకు ఇప్పటికీ వాడే భోగ శ్రీనివాసుడి వెండి విగ్రహం ఇచ్చింది పల్లవ రాణి సామవై అని శాసనంలో ఉంది. దాన్ని పోతపోసి చేసిన కంసాలి పేరు మనకు తెలియదు. అన్నమయ్య కీర్తనలను రాగి రేకుల మీద చెక్కినవాళ్ల గురించి మనలో ఎంతమందికి తెలుసు? అక్షరం తప్పు పడితే రాగి మీద ఏం చేస్తాడు వాడు? ఇట్లాంటి ప్రశ్న ఒక్కటి నిన్ను నిద్రపోనివ్వకపోతే అక్కడ నాటకం ఉన్నట్టే.

రెండో సంగతి, ఎంత వెతికినా మీ ముత్తాత పేరు దొరకదు. సరే, దొరకనీ. పాత్రను కల్పించుకో, చరిత్రను మాత్రం కల్పించకు. రోడ్డు 1944లో వచ్చింది, దాన్ని నీ సౌకర్యం కోసం 1940 చేయకు. అధికారులు డోలీవాళ్లను కొట్టి తరిమేశారని ఆధారం లేకుండా రాయకు, చప్పట్లు పడతాయి గానీ అబద్ధం అవుతుంది. రికార్డులో ఉన్న మనిషిని నాటకంలోకి తెస్తే ఆయన అనని మాట ఆయన నోట పెట్టి తీర్పు చెప్పొద్దు. నేనైతే గవర్నరును స్టేజీ మీదికే తీసుకురాను, బ్యాండు చప్పుడు, కారు హారను వినిపిస్తాను. నాటకం మొదట్లో ఒక అనౌన్స్‌మెంట్ పెట్టు, రోడ్డు, తేదీ నిజం, ఈ కుటుంబం కల్పితం అని. కొంతమంది దర్శకులు దానివల్ల బిగువు పోతుందంటారు. నేను చూసినంతలో ప్రేక్షకులు దాన్ని గౌరవంగానే తీసుకుంటారు.

మీ ఇంటి మనిషి కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా చెప్తున్నా. రాయడానికి ముందే మీ చిన్నాయనలకు, మేనత్తలకు చెప్పు. ఆయన తాగేవాడని, అప్పులు చేశాడని రాస్తే బాధపడేవాళ్లు ఉంటారు, వాళ్ల బాధ తప్పేం కాదు. పేరు మార్చు, ఊరు మార్చు. ఆ కాలం తిట్లలో కులం పేర్లు దొర్లుతాయి, అవి యథాతథంగా రాస్తేనే సహజం అని వాదించొద్దు. అవమానం ఎదుటివాడు చూసే చూపులో, చెంబు ఎత్తి పోసే నీళ్లలో చూపించొచ్చు, ఆ మాటను మళ్లీ మైకులో వినిపించాల్సిన పనిలేదు.

చూసేవాళ్లెవరు అన్నావు. ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది, నీ మీద కాదులే, ఆ మాట మన జిల్లాలో అందరూ అనేస్తున్నందుకు. ఎండాకాలం వస్తే మన ఊళ్లలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుందా లేదా? పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే కింద పిల్లల కోసం కొంగు పట్టుకుని నిలబడే ఆడవాళ్లు, ఆఖరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడి చుట్టూ జనం, ఇదంతా నువ్వు పుత్తూరు చుట్టుపక్కల చూసే ఉంటావు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. వేషం కట్టే జనం ఇది, నాటకం చూడరా? ఆ జాతర కథ కూడా ఒకసారి తిరగేసి చూడు. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ వేషాలు మార్చింది అని చెప్తారు. పాలెగాడు తెలుసు, అమ్మవారు తెలుసు. ఆ ఆడపిల్లల్లో ఒక్కదాని పేరూ కథలో లేదు. ఆ ఇళ్లలో ఆ రోజుల్లో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు.

పేరున్న రాజుల నాటకాల్లో కూడా జనం ఎవర్ని గుర్తుపెట్టుకున్నారో చూడు. విజయనగర పతనం మీద కోలాచలం శ్రీనివాసరావు రాసిన నాటకంలో బళ్లారి రాఘవకు పేరు తెచ్చింది పఠాన్ వేషం. మన కట్టమంచి రామలింగారెడ్డి కుర్రవాడుగా ఉన్నప్పుడు కావ్యం రాయడానికి ఎంచుకున్నది ఒక చెరువు కట్ట కోసం ప్రాణం ఇచ్చిన బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మను. మామూలు మనుషుల మీద రాయడం మన దగ్గర కొత్తేమీ కాదు.

భాష విషయంలో నా మాట విను. చాలా నాటకాల్లో పేదవాడు యాసలో మాట్లాడతాడు, నవ్విస్తాడు, పెద్దమనిషి వచ్చి పుస్తకం భాషలో నీతి చెప్తాడు. దయచేసి అట్లా చేయకు. మీ నాటకంలో అందరూ చిత్తూరు వైపు మనుషులే అయితే అందరూ మన మాటే మాట్లాడాలి, దుఃఖం కూడా ఆ మాటలోనే రావాలి. తిరుపతిలో అప్పుడూ ఇప్పుడూ అరవం కలిసిన తెలుగు వినిపిస్తుంది, యాత్రికుడు అరవంలో బేరమాడితే డోలీవాడు అరవంలోనే జవాబు చెప్తాడు, దాన్ని అనువాదం చేయకుండా వదిలెయ్, అర్థమైపోతుంది. యాస రాయడమంటే ప్రతి పదాన్ని వంకర తిప్పడం కాదు, వాక్యం నడక దొరికితే సగం పదాలు మామూలుగానే రాయొచ్చు. రాసింది బయటికి చదవాలి, నువ్వు కాదు, మీ వీధిలో ఆడమనిషి ఒకామె చేత చదివించు. ఆమె ఎక్కడ తడబడితే అక్కడ నువ్వు పుస్తకం భాష రాసినట్టు.

స్టేజీ గురించి క్లుప్తంగా. కొండ సెట్టు వద్దు, మెట్లు కూడా వద్దు. ఒక పొడుగాటి కర్ర, ఒక దుప్పటి, అంతే. ఆ కర్ర ఇంట్లో గోడకు ఆనించి ఉన్నప్పుడు ఒక అర్థం, భుజం మీదికెక్కినప్పుడు ఒకటి, ఆఖర్లో ఎవరో దాన్ని పందిరికి వాడుకుంటే ఇంకొకటి. మోయడం మాత్రం నటులు నేర్చుకోవాలి. బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేవాళ్లను దగ్గరుండి చూడమను, ముందువాడు అడుగు వేశాక వెనకవాడు ఎప్పుడు వేస్తాడు, భుజం మార్చేటప్పుడు ఎవరు కేక వేస్తారు, బరువు ఏ కాలి మీదికి పోతుంది. ఖాళీ డోలీ పట్టుకుని నీరసంగా నడిస్తే మొదటి వరసలోనే తెలిసిపోతుంది. అందుకే రిహార్సల్లో నిజంగా ఒక మనిషిని కూర్చోబెట్టి మోయించాలి. నాటక పోటీలు పెట్టే పరిషత్తుకు పంపాలనుకుంటే నాటికగా గంటలోపు కుదించు, పాత్రలు ఏడెనిమిది మించకుండా చూసుకో, ఆడ పాత్రలకు నటీమణులు దొరకడం, వాళ్ల రాకపోకల ఖర్చు ఇప్పటినుంచే లెక్కలో పెట్టుకో. చాలా హాళ్లలో పైనుంచి వేలాడే మైకులు ముందు భాగంలోనే ఉంటాయి, మెల్లగా చెప్పాల్సిన ముఖ్యమైన మాటలన్నీ స్టేజీ ముందుకొచ్చి చెప్పేలా రాసుకో. పొయ్యి వెనకాల మూలన పెట్టావంటే పైన నేను రాసిన సీను ఎవరికీ వినపడదు.

ఇప్పుడు పెన్ను పట్టకు. ముందు మీ జేజి దగ్గర కూర్చో, ఆమె కోడలుగా ఆ ఇంటికి వచ్చినప్పుడు విన్నవి చెప్తుంది. మీ ముత్తాత గొప్పతనం అడగొద్దు. ఎన్ని గంటలకు లేచేవాడు, డోలీ సొంతమా అద్దెదా, కూలి నలుగురూ ఎట్లా పంచుకునేవాళ్లు, ముందు మోసేవాడికి ఎక్కువ ఇచ్చేవాళ్లా, భుజానికి ఏం రాసుకునేవాడు, వానొస్తే మోకాళ్ల మెట్టు దగ్గర ఏం చేసేవాళ్లు, దార్లో మనిషి ప్రాణం పోతే కూలి ఎవరు ఇచ్చేవాళ్లు, కొండ మీదికి పోయినప్పుడు తను దర్శనం చేసుకునేవాడా, రోడ్డు వచ్చాక మొదటి నెల ఇంట్లో ఏం వండారు. ఇవి అడుగు. ఆమెకు తెలియకపోతే అలిపిరి దగ్గర పాత కుటుంబాలను అడుగు. జవాబులు దొరికినన్ని దొరకనీ, అవి పట్టుకుని ఆ పొయ్యి దగ్గర సీను ఒక్కటి నీ మాటల్లో రాసి ఇక్కడే పెట్టు, చదివి చెప్తాను.